పొద్దుగుంకగానే దించిన జెండా

"జెండా దించి ఉంది. అంటే పొద్దుగుంకేదాకా ముసలాయన బతికే ఉన్నాడు. ఇందులో ఇంకా తేల్చడానికేముంది డోర్తె?"

ఆ మాట అని ప్రెబెన్ ముంక్ కుర్చీలో వెనక్కి వాలాడు. హావ్‌లుండ్ నగర భద్రతా విభాగానికి అతను అధిపతి. మేయరుకి కావలసినవాడు. డోర్తె కోఫోద్ పోలీసు పరిశోధకురాలు, ఎవరికీ కావలసింది కాదు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఆ బెంచీ మీద మొదలైన తగాదా ముప్ఫై ఏళ్ళుగా సాగుతూనే ఉంది.

"డాక్టరేమన్నాడు?" అంది డోర్తె.

"ఏమంటాడు? కాలువ వైపు తలుపు రాత్రంతా బార్లా తెరిచి ఉంది. శవం చల్లబడి కట్టెయిపోయింది. మధ్యాహ్నం పోయాడో, అర్ధరాత్రి పోయాడో చెప్పలేనని చేతులెత్తేశాడు. డాక్టరు చెప్పలేనిది జెండా చెప్పింది. నాకది చాలు."

కేసు చూడ్డానికి చిన్నదే. నిన్న ఓలుఫ్ క్రో పుట్టినరోజు. డెబ్భై ఎనిమిది నిండాయి. ఊళ్ళో అందరిలాగే పొద్దున్నే ఇంటి వెనక కాలువ గట్టు మీద జెండా ఎగరేశాడు. ఇరుగుపొరుగు వచ్చి కాఫీ తాగి, కేకు తిని వెళ్ళారు. ఈ రోజు ఉదయం వంటింట్లో ఇనప పొయ్యి పక్కన పడి ఉన్నాడు. పొయ్యి మూల తలకి తగిలింది. ఛాతీ మీద ఎవరో బలంగా తోసిన గుర్తు కమిలి ఉంది. జెండా మాత్రం కర్ర మీద లేదు, పక్కనున్న పెట్టెలో ఉంది.

పొద్దు వాలాక జెండా ఎగురుతూ ఉండటం హావ్‌లుండ్‌లో ఎవరూ సహించరు. చిన్నప్పుడు ఒకసారి డోర్తె మరిచిపోతే వాళ్ళమ్మమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. కాబట్టి ముంక్ లెక్క తప్పని ఈ ఊళ్ళో పుట్టిన ఎవరూ అనరు. పొద్దున్న శవాన్ని చూసి, పెట్టెలో జెండా ఉందని విన్నప్పుడు డోర్తె కూడా అలాగే అనుకుంది. కాసేపటి తర్వాత, ఎందుకలా అనుకున్నానని తన మీద తనకే చిరాకొచ్చింది.

"వీధి కెమెరాలో ఎవరెవరున్నారు?"

"కాఫీకి వచ్చినవాళ్ళంతా రెండింటికల్లా వెళ్ళిపోయారు. ఆఖర్న మన గ్రేథె టీచర్ వచ్చింది, మూడు కాకుండానే వెళ్ళింది. గుమ్మంలో నిలబడి లోపలికి చెయ్యూపి మరీ వెళ్ళింది. ఆ తర్వాత రాత్రి ఏడున్నరకి పక్కింటి ఇనెష్ వచ్చి తలుపు తట్టింది. ఇంకెవరూ లేరు. పొద్దుగుంకేదాకా ఆయన బతికుంటే, పొద్దుగుంకాక వచ్చింది ఆమె ఒక్కతే. పోయిన నెల ఆ ఇద్దరూ గట్టు మీద అరుచుకోవడం ఊరంతా విన్నారు. ఆయన ఇంటి తాళంచెవి కూడా ఆమె దగ్గరే ఉంది. చాలా, ఇంకా కావాలా?"

"కాలువ వైపు కెమెరాల్లేవుగా?"

"లేవు. ఎవరైనా రావచ్చు. ఎవరైనా రావచ్చు అన్నది సాక్ష్యం కాదు తల్లీ, ఊహ." ముంక్ లేచి కోటు తగిలించుకున్నాడు. "కాగితాల మీద సంతకమైపోయింది. సాయంత్రం ఆరింటి పడవకి తల్లినీ పిల్లనీ ఎక్కిస్తున్నా."

హావ్‌లుండ్ చట్టం అలాంటిది. సముద్రం సగం మింగేసిన ఊరిని మళ్ళీ నీళ్ళ మీద కట్టుకున్నవాళ్ళు, బయటి నుంచి వచ్చినవాళ్ళకి అయిదేళ్ళ గడువు పెట్టారు. ఆ అయిదేళ్ళలో నేరం మోపబడితే చాలు, నివాసం రద్దు. విచారణ ఎప్పుడో అవతలి గడ్డ మీద జరుగుతుంది. నిర్దోషి అని తేలినా తిరిగొచ్చే దారి ఉండదు. ఇనెష్ వచ్చి నాలుగేళ్ళయింది.

"ఆమెతో ఒక్కసారి మాట్లాడతా," అంది డోర్తె.

"మాట్లాడుకో. నేనూ వింటా. నువ్వు దారి తప్పకుండా."

*

ఇనెష్ బల్ల అవతల కూర్చుని ఉంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. రొట్టెల బట్టీలో పని. చేతుల మీద ఇంకా పిండి మరకలున్నాయి. పక్క గదిలో ఆమె కూతురు లియోనోర్ సూట్‌కేసు మీద కూర్చుని కాళ్ళూపుకుంటోంది.

"ముసలాయనతో గొడవేంటి?" అంది డోర్తె.

"తాడు గొడవ మేడమ్." ఇనెష్ విసుగ్గా నవ్వింది. "ఆ జెండా కర్రకి తాడుంటుంది చూడండి, గాలొస్తే కర్రకేసి టంగుటంగుమని కొట్టుకుంటుంది. నా మంచం సరిగ్గా దానికి ఎదురుగా. తెల్లవారుజామున మూడింటికి లేచి పనికి పోవాల్సినదాన్ని. నిద్రెట్లా పడుతుంది? ఒక రోజు తిక్క లేచి అరిచేశా. ఆయనా అరిచాడు. ఇద్దరికీ గొంతు పెద్దదే."

"తర్వాత?"

"తర్వాత ఆయనే కేకు పట్టుకొచ్చాడు. నా కూతురు దగ్గర ఎర్ర ఊలు ఉంటే, అది అడిగి తీసుకుని తాడుని కర్రకి బిగించి కట్టాడు. ఒంటి చేత్తో, పళ్ళతో ముడేసి! అప్పట్నుంచి రోజూ అంతే. జెండా ఎత్తినా దించినా ఆ ఊలు మాత్రం కట్టేవాడు. 'నీ నిద్ర నా పూచీ' అనేవాడు. తాళంచెవి ఆయనే ఇచ్చాడు. పడితే లేపే దిక్కుండాలని."

"నిన్న రాత్రి ఎందుకెళ్ళావు?"

"పుట్టినరోజని గుడ్లూ పాలూ వేసి చిన్న తీపి బిళ్ళలు చేశా. మా ఊరివి. నిన్న సాయంత్రం కూడా పనుంది, వచ్చేసరికి ఏడు దాటింది. తట్టా, పలకలేదు. దీపం లేదు. పడుకున్నాడేమోనని వచ్చేశా. తాళంచెవి ఉంది కదా, లోపలికెళ్ళి చూద్దామని ఒక్కసారి కూడా అనిపించలేదు. అదే నన్ను తినేస్తోంది మేడమ్. వెళ్ళుంటే..."

"నువ్వేం చేసేదానివీ కాదు," అన్నాడు గోడకానుకుని నిలబడ్డ ముంక్. "చేసింది నువ్వే కాబట్టి."

డోర్తె అతని వైపు చూడలేదు. "తర్వాత నిద్రపోయావా?"

"ఎక్కడ? రాత్రంతా ఆ తాడు ఒకటే మోత. టంగ్, టంగ్. మళ్ళీ నా మీద అలిగాడేమో, కావాలనే ఊలు కట్టలేదేమో అనుకున్నా. పొద్దున్నే పోయి నాలుగు దులుపుదామని వెళ్ళా. అప్పుడు చూశా."

డోర్తె పెన్ను బల్ల మీద పెట్టేసింది. "ఇనెష్, సాయంత్రమయ్యాక జెండా ఎందుకు దించుతారో తెలుసా?"

"వానకి తడుస్తుందని కాదా?"

ముంక్ పెద్దగా నవ్వాడు. "నాలుగేళ్ళుంది ఇక్కడ! పొద్దుగుంకితే జెండా దించాలని తెలీదట! నాటకాలు!"

ఇనెష్ అతని వైపు తిరిగింది. "నాలుగేళ్ళలో మీలో ఒక్కరైనా మా ఇంటికి కాఫీకొచ్చి ఉంటే చెప్పేవాళ్ళు సార్. వచ్చినవాడు ఆయనొక్కడే. ఆయన చెప్పింది వేరే."

"ఏం చెప్పాడు?"

"వచ్చే వారం సముద్రపు గేటు పండుగ సభలో అయిదు నిమిషాలు మాట్లాడాలని అడిగానన్నాడు. 'నేను మాట్లాడాక ఊరంతా నన్ను రాళ్ళతో కొడుతుంది, నువ్వొక్కదానివైనా రొట్టె పెట్టాలి' అన్నాడు. ఏం మాట్లాడతావంటే చెప్పలేదు. ముందు ఒక మనిషికి చెప్పాలి, ఆమె ఒప్పుకోవాలి అన్నాడు."

"ఆమె అన్నాడా?"

"ఆమె అనే అన్నాడు."

ముంక్ గడియారం చూసుకున్నాడు. "అయిపోయిందా? పడవ దాకా నడవాలి. గాలి కూడా లేస్తోంది."

*

ఓలుఫ్ ఇల్లు తేలే వీధి చివర. అలలు వస్తే ఇల్లు లేస్తుంది, పోతే దిగుతుంది. ఆ వీధి వాళ్ళకి ఆ ఊపు లేకపోతే నిద్ర పట్టదు. డోర్తె వంటింట్లో ఎక్కువసేపు ఉండలేదు. కడిగి బోర్లించిన కప్పులు, సగం తిన్న కేకు, పొయ్యి మూలన నల్లబడిన మరక. చూడాల్సింది పొద్దున్నే చూసేసింది. చూడనిది గట్టు మీద ఉంది.

తాడు ఇంకా కొట్టుకుంటోంది. ఊలు దారం నేల మీద పడి ఉంది, పళ్ళ గాట్లు కనిపిస్తున్నాయి. కర్రకున్న కొక్కేనికి తాడుని చక్కగా, సమంగా చుట్టి వదిలేశారు. ఈ ఇంటి అలవాటు తెలియని మనిషి ఎవరైనా అలాగే చుడతారు.

ముంక్ కూడా వెనకే వచ్చాడు. రానిస్తేనే మంచిదని డోర్తెకీ తెలుసు. ఆమె పెట్టె మూత ఎత్తింది.

జెండా లోపల ఉంది. నిలువుగా నాలుగు మడతలు, అంచుకి అంచు కలిపి, ఆపైన బిగుతుగా చుట్టి ఎర్ర వైపు పైకి పెట్టారు. ఇస్త్రీ చేసినట్టుంది.

"ఓలుఫ్ ఎడమ చెయ్యి ఎప్పుడు పడిపోయింది ప్రెబెన్?"

"సముద్రం ఊరి మీదికొచ్చిన రాత్రి. ఎవడికి తెలీదు? యాభై రెండేళ్ళయింది."

"ఆయన జెండా ఎలా దాచేవాడు?"

అది ముంక్‌కీ తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. ముసలాయన జెండాని దించి, కుడి చేత్తో ఉండలా చుట్టి, చంకలో నొక్కి పెట్టెలో పడేసేవాడు. పిల్లలు దాన్ని చూసి ముసలి క్యాబేజీ అని నవ్వుకునేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు.

"నువ్వు మడత పెట్టు, చూస్తా," అంది డోర్తె జెండా విప్పి అతని చేతికిస్తూ. "ఒంటి చేత్తో. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో."

"నాకు వేరే పని లేదనుకున్నావా?"

"నీ పని వీళ్ళని పడవెక్కించడమేగా. ఇంకా టైముంది."

ముంక్ ఓ చేత్తో అవస్థ పడ్డాడు. జెండా గాలికి మొహం మీద కొట్టింది. రెండోసారి మోకాలితో నొక్కిపట్టి చూశాడు, అంచు జారిపోయింది. మూడోసారి బూతు తిట్టి వదిలేశాడు.

"సరే, ఎవరో సాయం చేశారు."

"ఎవరు? పొద్దువాలే వేళకి వీధి వైపు నుంచి ఎవరూ రాలేదని నువ్వేగా అంటున్నావు. సాయం చేసేవాళ్ళు కాలువ వైపు నుంచి వచ్చారు. పక్కన ఓలుఫ్ నిలబడి ఉంటే ఊలు కట్టకుండా ఊరుకుంటాడా? ఆయన లేడు ప్రెబెన్. అప్పటికే వంటింట్లో పడి ఉన్నాడు. చంపిన మనిషి ఎప్పుడో వెళ్ళిపోయింది. చీకటి పడుతున్నా జెండా ఎగురుతూనే ఉంది. దాన్ని చూస్తూ ఉండలేక వచ్చి దించింది."

"చంపి, తిరిగొచ్చి జెండా దించిందా? తప్పించుకోవడానికా?"

"తప్పించుకోవాలని కాదు. మన ఊరి మనిషి కనక. నువ్వయినా అంతే చేస్తావు, నేనయినా అంతే. అందుకే మనిద్దరికీ అనుమానం రాలేదు. దించిన జెండా చూడగానే ఆయనే దించాడని ఇద్దరం మోసపోయాం. ఇనెష్ అయితే దాన్ని రాత్రంతా అలాగే వదిలేసేది, ఆమెకి తెలీదు కాబట్టి."

ముంక్ మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. వెంటనే సర్దుకున్నాడు. "ఊలు దారాలూ మడతలూ పట్టుకుని మేయరు దగ్గరికి వెళ్ళనా? గేటు పండుగ ముందు ఊరి మనిషే హంతకుడంటే ఆయన నా తోలు తీస్తాడు. పేరు చెప్పు. ఆరులోగా పేరు చెబితే పడవ ఆపుతా. లేకపోతే లేదు."

అతను వెళ్ళిపోయాడు. డోర్తె కర్ర పక్కనే నిలబడి చూసింది. ఇటు ఇనెష్ కిటికీ. అటు ఖాళీ గిడ్డంగి గోడ. ఈ కర్ర మీది జెండా కనిపించే ఇల్లు ఊళ్ళో ఇంకొక్కటే ఉంది. కాలువకి సరిగ్గా అవతల, తెరలు తీసి ఉన్న పెద్ద కిటికీ. ఆ గట్టు మీద, ఓలుఫ్ పోయినందుకు, ఒక జెండా సగం కర్ర దాకా దిగి ఎగురుతోంది.

ఆ ఇల్లు ఎవరిదో డోర్తెకి తెలుసు. తనకి చదవడం నేర్పింది ఆ ఇంటి మనిషే.

*

"రా డోర్తె, చలిగా ఉంది. నీకు కాఫీ పాలు లేకుండాగా?" అంది గ్రేథె బ్రిక్స్.

అరవై ఒకటి దాటినా నిటారుగా ఉంది. నలభై ఏళ్ళు ఊరి బడిలో పాఠాలు చెప్పింది. అంతకన్నా ముందు ఆమె థోర్వాల్డ్ బ్రిక్స్ కూతురు. హావ్‌లుండ్‌లో ఆ పేరు చెప్పాక ఇంకేమీ చెప్పక్కర్లేదు.

డోర్తె కాఫీ అందుకుని కిటికీకి ఎదురుగా కూర్చుంది. సూర్యుడు నీళ్ళకి జానెడు ఎత్తులో ఉన్నాడు.

"ఓలుఫ్ గురించి అడగడానికొచ్చావా?"

"కాదు టీచర్. ఒక పాఠం మళ్ళీ వినాలనుంది. మొదటి పాఠం."

గ్రేథె ఆశ్చర్యపోయింది, కానీ కాదనలేదు. ఆ పాఠం చెప్పమంటే ఆమె ఎన్నడూ కాదనలేదు.

"సముద్రం మన ఊరిని అడగకుండానే వచ్చింది," అని మొదలుపెట్టింది. గొంతు తరగతి గదిలోకి వెళ్ళిపోయింది. "కరెంటు పోయింది. గేటు మోటారు ఆగిపోయింది. కావలివాళ్ళంతా ఇళ్ళకి పరుగెత్తారు. పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళు, వాళ్ళని తప్పు పట్టకూడదు. గేటు దగ్గర ఒక్కడు మిగిలాడు. అతనికి తొమ్మిదేళ్ళ కూతురుంది. అయినా వెళ్ళలేదు..."

డోర్తె వింటూ ఆమెనే చూస్తోంది. ఎన్నిసార్లు విన్నా పాతబడని పాఠం. ఈ ఊరిని మళ్ళీ కట్టుకున్నది, ఒంటరిగా గేటు మూసి ప్రాణం వదిలిన థోర్వాల్డ్ బ్రిక్స్ కథ మీదే. కొత్త గేటు కట్టినప్పుడు దానికీ ఒక చేతి చక్రం పెట్టారు, ఒక మనిషి తిప్పేలా. ఏటా పండుగనాడు నూనె పోసి, ఎండలో, నిలకడ నీళ్ళలో ఒకరు దాన్ని తిప్పుతారు, ఊరంతా చప్పట్లు కొడతారు. చక్రం పైన చెక్కి ఉంటుంది: ఒక్కడు నిలిచాడు, ఊరు నిలిచింది.

సూర్యుడు నీళ్ళని తాకాడు. గ్రేథె కళ్ళు ఒకసారి కిటికీ వైపు వెళ్ళొచ్చాయి.

"...చక్రం ఇనుముది, మంచులా చల్లగా ఉంది. చేతుల చర్మం దానికి అంటుకుపోయింది. అయినా..." మళ్ళీ కిటికీ వైపు చూసింది. కాఫీ కప్పు చేతిలో తిప్పింది. "అయినా అతను..."

"చెప్పండి టీచర్."

"ఒక్క నిమిషం ఉండమ్మా."

గ్రేథె లేచింది. శాలువా కూడా కప్పుకోకుండా గట్టు మీదికి వెళ్ళింది. సగంలో ఉన్న జెండాని ముందు కొస దాకా ఎత్తింది, తర్వాత నెమ్మదిగా దించింది. నేలకి తగలనివ్వకుండా భుజాన వేసుకుని లోపలికొచ్చి, నిలబడే మడవడం మొదలుపెట్టింది. నిలువుగా నాలుగు మడతలు. అంచుకి అంచు. ఆపైన బిగుతుగా చుట్టి, ఎర్ర వైపు పైకి.

నలభై ఏళ్ళలో ఆమె ఆ పాఠాన్ని మధ్యలో ఆపింది అదే మొదటిసారి. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"ఓలుఫ్ జెండా కూడా ఇలాగే మడిచి ఉంది టీచర్," అంది డోర్తె మెల్లగా.

గ్రేథె చేతులు ఆగిపోయాయి. బయట గాలి పెద్దదైంది.

"ఈ కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది," అంది చివరికి. "చీకటి పడుతోంది, అది ఎగురుతూనే ఉంది. కాలువలో పడవల మీద పోయేవాళ్ళు చూస్తారు. పుట్టినరోజు నాడు ఓలుఫ్ జెండా దించడం మరిచాడంటారు. ఆయనకి ఆ మాట రాకూడదనిపించింది. నవ్వొస్తోందా? మనిషిని తోసేసిన దాన్ని, మాట రాకూడదనుకున్నా."

"నవ్వు రావట్లేదు టీచర్."

"తోశాను. ఒక్కసారే. లేస్తాడనుకున్నా. లేవలేదు. కాలువ వైపు తలుపు తీసి అరుద్దామని నిలబడ్డా, గొంతు రాలేదు. కప్పులు కడిగా. గుమ్మంలోంచి చెయ్యి ఊపా. ఎవరికి ఊపానో నాకే తెలీదు."

"ఏం చెప్పాడాయన?"

గ్రేథె జెండాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆ రాత్రి మా నాన్న దగ్గర ఓలుఫ్ కూడా ఉన్నాడట. ఇద్దరూ కలిసి చక్రం పట్టారట. కదల్లేదట డోర్తె. ఎదురుగా సముద్రం తోస్తుంటే ఎలా కదులుతుంది? 'ఇద్దరితో కాదు, నలుగురు కావాలి, పో, పిలుచుకురా' అని నాన్నే పంపాడట. తలుపు తలుపూ తట్టాడట, ఎవరూ రాలేదు. తిరిగొస్తుంటే దూలం పడి చెయ్యి పోయింది. గేటు మూసుకోనేలేదు, అలలకి విరిగి కొట్టుకుపోయింది. తెల్లారి గాలి తిరిగింది, సముద్రం దానంతటదే వెనక్కి పోయింది. చక్రానికి అతుక్కుని మా నాన్న శవం ఉంది. చూసినవాళ్ళు మూశాడన్నారు. అందరికీ ఆ మాట కావాల్సొచ్చింది. ఓలుఫ్ నన్ను చూసి ఊరుకున్నాడట. తొమ్మిదేళ్ళ పిల్ల, ఇంకేమీ మిగల్లేదని."

"మరి ఇప్పుడెందుకు?"

"ఈ శీతాకాలం నుంచి గేటు దగ్గర రాత్రి కాపలాకి ఒక్కడే చాలని కౌన్సిల్ తీర్మానించిందిగా. బ్రిక్స్ ఒక్కడు చాలలేదా అన్నారట. అది విన్నప్పట్నుంచి ఆయనకి నిద్ర లేదు. 'పుట్టినరోజు కానుకగా అడుగుతున్నా, చెప్పనీ గ్రేథె' అన్నాడు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "నాకున్నది ఆ ఒక్క పాఠమే డోర్తె. అదీ పట్టుకుపోతానన్నాడు."

డోర్తెకి జాలి, కోపం ఒకేసారి వచ్చాయి. "ఇనెష్‌ని పడవెక్కిస్తున్నారు. మీకు తెలుసు. ఎలా ఊరుకున్నారు?"

"ఆమె ఎక్కడికెళ్ళినా బతుకుతుంది. మా నాన్న ఈ ఊళ్ళో తప్ప ఎక్కడ బతుకుతాడు?"

డోర్తె ఫోను తీసి ముంక్‌ని పిలిచింది. ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

"పేరు దొరికింది. ఇనెష్‌ని వదిలెయ్."

"ఎక్కడ వదలను?" ముంక్ గాలిలో అరుస్తున్నాడు. "బయటి రేవు దాకా వెళ్ళాం. పడవ రానేలేదు, సముద్రం పోటెత్తింది. గేటు మూసెయ్యమని ఆర్డరొచ్చింది. మేం లోపలికొచ్చేశాం, గేటు గది పక్కనే నిలబడ్డాం."

"మూసుకుందా?"

"మోటారు మొరాయించింది. కంగారేం లేదు. డ్యూటీవాడు చక్రం తిప్పడానికెళ్ళాడు."

డోర్తె కుర్చీలోంచి లేచింది. "ఎంతమంది?"

"ఒక్కడే. ఎప్పుడూ ఒక్కడేగా. ఏం?"

"నువ్వూ వెళ్ళు ప్రెబెన్. నీ మనుషుల్నీ తీసుకెళ్ళు. ఒక్కడి వల్ల కాదు."

"పిచ్చా నీకు? చక్రం గదిలో ఇంకో మనిషి అడుగు పెట్టకూడదని రూలు. థోర్వాల్డ్ బ్రిక్స్ మూశాడు, వీడు మూయలేడా? ఇదంతా ఆమెని పడవెక్కనివ్వకుండా నువ్వు..."

డోర్తె ఎంత చెప్పినా అతను వినడు. ఊళ్ళో ఎవరు చెప్పినా వినడు. ఈ మాట అతను నమ్మాలంటే చెప్పాల్సిన మనిషి ఒక్కతే. డోర్తె ఫోను చెవి నుంచి తీసి గ్రేథె వైపు చాచింది.

గ్రేథె ఫోను వైపు చూసింది. ఒళ్ళోని జెండా వైపు చూసింది. గట్టు మీద నీళ్ళు అప్పుడే మొదటి మెట్టు ఎక్కాయి. ఆమె జెండాని జాగ్రత్తగా పక్కన పెట్టి, ఫోను అందుకుంది.

"ప్రెబెన్. నేను మీ టీచర్‌ని."

ఆమె గాలి మోతని మించేలా గొంతు పెంచింది.

"శ్రద్ధగా విను. మా నాన్న గేటు మూయలేదు. మూయలేకపోయాడు. నేను మీకు తప్పు పాఠం చెప్పాను. చక్రానికి నలుగురు కావాలి. వెళ్ళి పట్టండి."

"టీచర్..." ముంక్ గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది. "నేను, డ్యూటీవాడు, మా వాడొకడు. ముగ్గురమే ఉన్నాం."

"ఆ రొట్టెలు చేసే అమ్మాయి అక్కడే ఉందిగా?"

"ఉంది. చేతులకి బేడీలున్నాయి."

"విప్పు," అంది గ్రేథె. "ఓలుఫ్‌ని చంపింది నేను."